అపార్ట్‌మెంట్ కమిటీ ఎన్నికలు గొడవ లేకుండా జరపాలంటే

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కమిటీ ఎన్నికల గొడవ చాలాసార్లు ఓటరు లిస్టు దగ్గరే మొదలవుతుంది. అందుకే ముందు బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తీసి చదవండి. ఓటు ఫ్లాటుకా, మనిషికా? ఇద్దరి పేరు మీదున్న ఫ్లాటు తరఫున ఎవరు వేయాలి? మెయింటెనెన్స్ బకాయి ఉన్నవాళ్ల సంగతేంటి? అందులో లేని షరతుని ఎన్నికల ముందు కొత్తగా తగిలించొద్దు. లిస్టుని రెండు వారాల ముందే లిఫ్ట్ పక్కన అంటించి, అభ్యంతరాలకు గడువిచ్చి, అది దాటాక ఎవరు బతిమాలినా మార్చకండి. సంక్రాంతికో దసరాకో డేట్ పెడితే సగం ఫ్లాట్లకు తాళాలే ఉంటాయి (కావాలనే అలా పెట్టేవాళ్లూ ఉంటారు లెండి).

ఎన్నికల అధికారి పోటీలో ఉండకూడదు, పాత కమిటీ మనిషీ కాకూడదు. పక్క అపార్ట్‌మెంట్ పెద్దమనిషినెవరినైనా అడగండి.

అసలు తిరకాసు ఎవరూ పట్టించుకోని చోట ఉంది: ఒక్కొక్కరికి ఎన్ని ఓట్లు? వంద ఫ్లాట్లు, ఏడు సీట్లు అనుకోండి. అందరికీ ఏడేసి ఓట్లిస్తే 55 మంది ఒక ప్యానెల్‌కి (జట్టుగా నిలబడ్డవాళ్లకి) గుద్దేశారంటే ఏడూ వాళ్లవే, మిగతా 45 మందికి కమిటీలో ఒక్క మనిషీ ఉండడు, ఇక ఏడాదంతా వాట్సాప్‌లో యుద్ధమే. అదే తలా మూడు ఓట్లే ఇస్తే ఆ 45 మంది ముగ్గురిని గెలిపించుకోగలరు, పెద్ద ప్యానెల్‌కి నలుగురొస్తారు. రాజ్యసభ ఎన్నికల్లోలా 1, 2, 3 అని ప్రాధాన్యం రాయించడం ఇంకా న్యాయం, కానీ లెక్కింపు తెలిసినవాళ్లుండాలి. ఏదైనా సరే, బైలాస్ ఒప్పుకోకపోతే ముందే జనరల్ బాడీలో సవరించుకోవాలి.

చేతులెత్తించడం, వాట్సాప్ పోల్ రెండూ వద్దు, స్లిప్పుల మీద రహస్యంగా ఓటేయించండి. ఎవరెటు వేశారో తెలిసిపోతే పొద్దున లేస్తే మొహాలు చూసుకునేవాళ్లకి ఇబ్బంది. స్లిప్పులకు సీరియల్ నంబర్ వేస్తే ఎవరిదో పట్టేయొచ్చు, కాబట్టి అధికారి సంతకం, స్టాంపు చాలు. అమెరికాలో ఉన్న ఓనర్లు తమ బదులు ఓటేయమని ఇచ్చే ప్రాక్సీ కాగితాలను బైలాస్ అనుమతిస్తేనే తీసుకోండి, అదీ ఒక్కో మనిషి చేతికి ఒకటికి మించి ఇవ్వనివ్వకండి, లేకపోతే ఒకాయన పదిహేను కాగితాలతో దిగుతాడు.

ఖాళీ డబ్బా అందరికీ చూపించి సీల్ వేయండి. ఓటింగ్ అవగానే అక్కడే, పోటీలో ఉన్నవాళ్ల ముందే లెక్కపెట్టండి. సమానమైతే చీటీ తీయండి, అసెంబ్లీ ఎన్నికల్లోనూ అంతే. స్లిప్పులు కవర్లో సీల్ చేసి కొన్నాళ్లు దాచండి. కొత్త కమిటీ లిస్టు సొసైటీల రిజిస్ట్రార్‌కి ఇచ్చి, బ్యాంకులో సంతకాలు మార్పించుకోవాలి. పాత ట్రెజరర్ దగ్గర చెక్‌బుక్కు, అకౌంట్ల పుస్తకాలు అదే వారంలో రాయించుకుని తీసుకోండి.