వాన వెలిశాక నత్తల వేట

న్యూజిలాండ్‌లో ఉంటున్న మా బావమరిది సెలవు దొరికితే చాలు, తుపాకీ పట్టుకుని జింకల వేటకు పోతాడు. అక్కడ అది తప్పు కాదు. గబ్బిలాలు తప్ప నేల మీది పాలిచ్చే జంతువేదీ ఆ దేశపుది కాదు, తెల్లవాళ్లు తెచ్చి వదిలిన జింకలు లేత మొలకలన్నీ మేసేస్తే అడవి మళ్లీ లేవదు, అందుకే ప్రభుత్వమే ఉచితంగా పర్మిట్లు ఇస్తుంది. మనకు 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అలాంటి సరదాలు పెట్టుకుంటే జైలే. కానీ బెంగళూరులో, అదీ మాలా తురహళ్లి అడవి పక్కన ఉండేవాళ్లకి, లైసెన్సు అక్కర్లేని వేట ఒకటుంది: ఆఫ్రికా నత్త.

1847లో బెన్సన్ అనే నత్తల పిచ్చి దొర మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. ఇప్పుడు మా బొప్పాయి చెట్టెక్కి కూర్చుంది.

ముందు గుర్తుపట్టండి. గుల్ల పొడుగ్గా, ఒక కొస మొనదేలి, గోధుమరంగు చారలతో ఉంటుంది. చదునుగా గుండ్రంగా, పల్చటి గుల్లతో ఉండేవి ఇక్కడివే కావచ్చు, అనుమానమొస్తే వదిలేయండి.

సాయంత్రం ఒక గోనెసంచి తడిపి కుండీల పక్కన పరిచి, దాని కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ ముక్కలు పెట్టండి. వాన వెలిసిన రాత్రి ఎనిమిది దాటాక టార్చి వేసి సంచి ఎత్తితే, అబ్బ, మొదటిరోజు నాకు అరవై మూడు దొరికాయి, జిగురుతో ఒకదానికొకటి అతుక్కుని. ఉత్త చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక పురుగు వీటిలో ఉండొచ్చు, అది మన ఒంట్లోకి పోతే మెదడు పొరలు వాస్తాయి. గ్లౌజులు గానీ పాత పట్టకారు గానీ వాడండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. నేను తెలియక అపార్ట్‌మెంట్ పిల్లలకి నత్తకి రూపాయి ఇస్తానన్నాను, వెధవలు పక్క లేఅవుట్ నుంచి ఏరుకొచ్చి నాకే అమ్మారు.

పట్టినవాటిని ప్రాణాలతో ఖాళీ సైట్‌లో పారేయకండి. మొదటి ఏడాది నేను చేసిన పని అదే, నెల తిరక్కుండా గోడెక్కి తిరిగొచ్చాయి. మూతున్న బకెట్‌లో చిక్కటి ఉప్పునీళ్లు కలిపి వేసి రాత్రంతా ఉంచి, పొద్దున లోతుగా గుంట తీసి పూడ్చండి. ఆ నీళ్లు మొక్కలకి పోయొద్దు, మాడిపోతాయి. ఖాళీ గుల్లల్ని చితక్కొట్టండి, లేకపోతే వాననీళ్లు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. షాపులో దొరికే నత్తల మందు బిళ్లలు కుక్కలు తింటే చచ్చిపోతాయి, మా ఇంట్లో కుక్క ఉంది కాబట్టి నేను వాటి జోలికే పోను.

గుడ్లు అసలు సంగతి. కుండీ మట్టి గ్లౌజు వేలితో కాస్త కదిపి చూస్తే లేత పసుపు రంగులో లావు సగ్గుబియ్యంలా కుప్పగా కనిపిస్తాయి, ఒక్క కాన్పుకే వంద దాటొచ్చు. అవి కూడా బకెట్‌లోకే. నర్సరీ నుంచి కొత్త మొక్క తెచ్చినా ముందు ఆ మట్టి చూడండి, ఊళ్లో ఇవి ఇల్లు మారేది ఎక్కువగా అలాగే.

ఎండాకాలంలో ఇవి గుల్ల మూతికి తెల్లటి పొర కట్టుకుని గోడల మూలల్లో, రాళ్ల కింద నిద్రపోతాయి. అప్పుడు టార్చి కూడా అక్కర్లేదు, పట్టకారుతో ఏరుకోవడమే. నిన్న మా మోటరు గది వెనక పదకొండు దొరికాయి.