డిస్‌ప్లే రావట్లేదా? మదర్‌బోర్డు పోయిందని అనుకునే ముందు ఇవి చూడండి

మొదటిసారి సొంతంగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకున్న పిల్లల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలాగే మొదలవుతాయి: "అన్నా, బోర్డు డెడ్ అయినట్టుంది." వెళ్లి చూస్తే చాలాసార్లు బోర్డు బాగానే ఉంటుంది, ప్రాసెసర్ కూడా బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరదు, అంతే. పార్టు పాడైందనుకుని వాపసు పంపి, అలాంటిదే ఇంకొకటి తెప్పించుకుంటే అదే సమస్య మళ్లీ వస్తుంది.

కింద లక్షణాన్ని బట్టి రాశాను. మీ సమస్య ఏదో నేరుగా అక్కడికే వెళ్లండి. ఇంకా ఏమీ కొననివాళ్లు మాత్రం మొత్తం చదవండి. ఇక్కడున్న పరిష్కారాల్లో చాలావరకు కొనేముందు చేస్తే పైసా ఖర్చు ఉండదు.

ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు

ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టాలి, పైన బోర్డుకు ఉన్న హెచ్‌డీఎంఐకి కాదు. కార్డు లేకపోతే ప్రాసెసర్ పేరు చివరి అక్షరం చూడండి. ఇంటెల్‌లో 12400ఎఫ్, 13400ఎఫ్ లాంటి 'ఎఫ్' రకాల్లో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. రైజెన్ 7000 సిరీస్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ ఉంటుంది, 7500ఎఫ్‌కి లేదు. బోర్డుకు హెచ్‌డీఎంఐ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ పోర్టు దారి మాత్రమే, బొమ్మ రావాల్సింది ప్రాసెసర్ నుంచి. "కార్డు ఆరు నెలల తర్వాత కొంటాను" అనుకునేవాళ్లు కాస్త ఎక్కువైనా గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరే తీసుకోవాలి.

కేబుల్ సరిగ్గానే ఉంటే బోర్డు మీద, ఎక్కువగా బోర్డుకు కరెంటు ఇచ్చే 24 పిన్ కనెక్టర్ దగ్గర, నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో వెతకండి. వాటి పక్కన సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని రాసి ఉంటుంది. ఏ లైటు ఆరకుండా నిలిచిపోయిందో బోర్డు అక్కడే ఆగిపోయిందన్నమాట. ఈ లైట్లు లేని చవక బోర్డయితే చిన్న బీప్ స్పీకర్ ఒకటి కొని తగిలించండి. మాన్యువల్‌లో ఏ బీప్‌కి ఏ అర్థమో ఉంటుంది.

సీపీయూ లైటు వెలుగుతూ ఉండిపోతే రెండు చూడాలి. ఒకటి, బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే 8 పిన్ కనెక్టర్ పెట్టారా లేదా. ఆ కేబుల్ బోర్డు వెనక నుంచి రావాలి కాబట్టి మర్చిపోవడం మామూలే. రెండోది బయోస్, అంటే ఆన్ చేయగానే పార్టులను గుర్తుపట్టి పని మొదలుపెట్టించే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో నేను రెండు శని, ఆదివారాలు పోగొట్టుకున్నాను.

మా మేనల్లుడి కోసం బీ450 బోర్డు ఒకచోట, రైజెన్ 5 5600 ఇంకొకచోట కొన్నాం. రెండూ ఏఎం4 సాకెట్ (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు). ప్రాసెసర్ చక్కగా కూర్చుంది. ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు. ర్యామ్ మార్చాం, ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) మార్చాం, తెలిసినవాళ్ల కార్డు తెచ్చి పెట్టాం. వాడు బి.టెక్ మొదటి సంవత్సరం, సెమిస్టర్ దగ్గర పడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి బోర్డు కంపెనీ సైట్‌లో ప్రాసెసర్ల పట్టిక తెరిస్తే విషయం తెలిసింది. బీ450 చిప్‌సెట్ 2018లో వచ్చింది, 5600 ప్రాసెసర్ 2022లో. ఆ బోర్డు బయోస్ రాసేనాటికి ఈ ప్రాసెసర్ పుట్టనే లేదు. సాకెట్‌లో పట్టింది కానీ బోర్డు దాన్ని గుర్తుపట్టలేదు.

ఇంటెల్‌లోనూ ఇదే కథ. ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో 12, 13, 14 తరాలు మూడూ కూర్చుంటాయి. 12వ తరంతో పాటు వచ్చిన బీ660, హెచ్610 బోర్డులు షాపులో చాలాకాలం పడి ఉన్నవైతే, 14వ తరం ప్రాసెసర్‌కి బయోస్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో పాత స్టాకు బీ650 బోర్డుకి రైజెన్ 9000 పెట్టినా అంతే.

పరిష్కారం: బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి, సపోర్ట్ విభాగంలో ప్రాసెసర్ల పట్టిక తెరవండి. మీ ప్రాసెసర్ ఎదురుగా 'ఏ బయోస్ వెర్షన్ నుంచి' అని ఉంటుంది. బోర్డు పెట్టె మీదో, బోర్డు మీదో అంటించిన స్టిక్కర్ మీద చాలాసార్లు బయోస్ వెర్షన్ ఉంటుంది. రెండూ పోల్చండి. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మీ అదృష్టం. బయోస్ ఫైలును ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో, మాన్యువల్ చెప్పిన పేరుతో వేసి, గుర్తుపెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టి, 24 పిన్, 8 పిన్ రెండూ తగిలించి బటన్ నొక్కితే, ప్రాసెసర్ లేకపోయినా బయోస్ మారుతుంది. లైటు మిణుకుమిణుకుమని ఆగేవరకు ముట్టుకోవద్దు. ఆ బటన్ లేకపోతే పాత తరం ప్రాసెసర్ ఒకటి అరువు తెచ్చి, దాంతో ఆన్ చేసి అప్‌డేట్ చేయాలి. ఇలా చేసేటప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డు నిజంగానే పనికిరాకుండా పోవచ్చు, కాబట్టి యూపీఎస్ మీదే చేయండి. అన్నిటికంటే తేలిక, కొనేటప్పుడే షాపులో బయోస్ అప్‌డేట్ చేయించుకోవడం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అందరూ సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కొనేవాళ్లు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ ఒకే షాపులో తీసుకుని, కౌంటర్ మీదే డిస్‌ప్లే చూపించమని అడగండి. రెండు మూడు వందల తేడా కోసం మూడు షాపుల్లో కొంటే, తర్వాత ముగ్గురూ ఎదుటివాడి పార్టునే అనుమానిస్తారు.

డీర్యామ్ లైటు నిలిచిపోతే, మీది ఏఎం5 బోర్డయితే ముందు ఏమీ చేయకండి. డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు మొదటిసారి పరిచయం చేసుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ సేపంతా తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి ఆఫ్ చేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే ఒక్క ర్యామ్ స్టిక్ మాత్రం ఉంచి, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, రెండు వైపులా టక్కుమని చప్పుడు వచ్చేలా నొక్కండి. రెండు స్టిక్‌లుంటే సాధారణంగా రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి. తర్వాత బయోస్ సెట్టింగులు చెరిపేయండి: ప్లగ్ తీసి, రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట పెడితే చాలు.

ర్యామ్ స్లాటులో దిగడం లేదు

బలం ఉపయోగించకండి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ పిన్నులు 288 చొప్పునే. కానీ మధ్యలో ఉండే గాటు స్థానం వేరు. ఏఎం4కి డీడీఆర్4 మాత్రమే, ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700లో బోర్డును బట్టి మారుతుంది, ఒకే బోర్డు పేరు రెండు రకాల్లోనూ దొరుకుతుంది. బిల్లు మీద 'డీ4' అని ఉందా లేదా చూసుకోండి. ఇక్కడ సర్దుబాటు లేదు, ర్యామో బోర్డో మార్చుకోవాలి.

ర్యామ్ 3200 కొన్నాను, 2400 అనో 2666 అనో చూపిస్తోంది

ఇది తప్పు కాదు. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, ఏఎం5 బోర్డులో దాని పేరు ఎక్స్‌పో. డీడీఆర్5తో నాలుగు స్టిక్‌లు పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆగాలి. రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా ఇచ్చే వేగం రెండు స్టిక్‌లకి 5200, నాలుగైతే 3600. "ఇప్పుడు 16 జీబీ, తర్వాత ఇంకో రెండు" అనుకోకుండా మొదటే రెండు పెద్ద స్టిక్‌లు తీసుకోండి.

గేమ్ ఓపెన్ చేయగానే పీసీ ఆఫ్ అయిపోతోంది, మామూలు పనికి బాగానే ఉంది

కారణం చాలాసార్లు ఎస్‌ఎంపీఎస్‌దే. మనవాళ్లు ప్రాసెసర్ గురించి నెల రోజులు చదివి, ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "క్యాబినెట్‌తో వచ్చేది చాల్లే" అంటారు. నాకు బాధ కలిగించే మాట ఇదే. మిగతా పార్టులన్నిటి ప్రాణం దాని చేతిలో ఉంటుంది.

దాని పక్కభాగం మీదున్న లేబుల్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్స్ అని ఉంటుంది, దాన్ని వదిలేయండి. '12 వోల్ట్స్' వరుసలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ప్రధానంగా ఆ వరుస మీదే బతుకుతాయి. 36 ఆంపియర్లుంటే 432 వాట్లు, పేరుకు తగ్గట్టే ఉంది. 16 ఆంపియర్లే ఉంటే 192 వాట్లు. ఇప్పుడు ఖర్చు లెక్కేయండి: ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు, 12400ఎఫ్ గట్టిగా పనిచేసేటప్పుడు 117 వాట్లు, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులకు ఇంకో యాభై. మొత్తం 340 దాకా. 192 వాట్లతో అది ఎలా నడుస్తుంది? ఆ కార్డుకి ఎన్‌విడియా సూచించేది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. 80 ప్లస్ గుర్తు ఉన్నది తీసుకోండి, కానీ ఆ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది. లోపలి రక్షణ గురించి దాన్నిబట్టి తెలియదు, అందుకే వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి.

ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. మాడ్యులర్ రకమైతే (కేబుళ్లు విడిగా ఊడదీయగలిగేది) పాత కేబుళ్లను కొత్తదానికి వాడకండి. రెండు చివరలా చక్కగా పట్టినా, ఎస్‌ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ వస్తుందో కంపెనీకో తీరు, ఒక్కోసారి మోడల్‌కో తీరు. 5 వోల్ట్స్ వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే, ఆన్ చేసిన క్షణంలోనే మీ ఎస్‌ఎస్‌డీ, అందులోని ఫొటోలు పోతాయి. ఇంకొకటి, ప్రాసెసర్ 8 పిన్ రెండు నాలుగులుగా విడిపోతుంది, కార్డు 8 పిన్ ఆరుగా, రెండుగా విడిపోతుంది. ఒకదాని చోట ఇంకొకదాన్ని దూర్చకండి.

ప్రాసెసర్ నిమిషంలో 100 డిగ్రీలకు వెళ్తోంది

కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా? తీసినా అలాగే ఉంటే, పాత పీసీలోని కూలర్ తెచ్చి పెట్టారా? ఎల్‌జీఏ 1200లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78. పైగా ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తగ్గింది. అందుకే పాత కూలర్‌కి 1700 బ్రాకెట్ వేరుగా కావాలి. ఏఎం5లో బోర్డు వెనక ప్లేటు ఊడదు, కాబట్టి సొంత ప్లేటు వాడే ఏఎం4 కూలర్లు దానికి కుదరవు.

కార్డు, కూలర్ క్యాబినెట్‌లో పట్టడం లేదు

క్యాబినెట్ వివరాల్లో రెండు కొలతలుంటాయి: కార్డు పొడవు, కూలర్ ఎత్తు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు సాధారణంగా 150 నుంచి 160 దాకా ఎత్తు ఉంటాయి. క్యాబినెట్ ముందు భాగంలో వాటర్ కూలర్ రేడియేటర్ పెడితే కార్డు పొడవు కొలతలోంచి సాధారణంగా 52 మిల్లీమీటర్లు తీసేయండి, 27 రేడియేటర్‌కి, 25 ఫ్యాన్‌కి.

ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు

విండోస్‌లో కనిపించక, బయోస్‌లో కనిపిస్తుంటే భయం లేదు. కొత్త డిస్కును డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సిద్ధం చేస్తే వస్తుంది. బయోస్‌లోనూ లేకపోతే, ఎం.2 అనేది ఆకారం పేరే తప్ప రకం పేరు కాదని గుర్తుంచుకోండి. అదే ఆకారంలో సాటా రకం (పాతది, నెమ్మది), ఎన్‌వీఎంఈ రకం (కొత్తది, వేగం) రెండూ వస్తాయి. మీ స్లాటు ఏది తీసుకుంటుందో మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాటు నింపితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, అప్పుడు పాత హార్డ్‌డిస్కు కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి. ఇంటెల్ 500 సిరీస్ బోర్డులో 10వ తరం ప్రాసెసర్ పెడితే, ప్రాసెసర్‌కి నేరుగా కలిపే మొదటి ఎం.2 స్లాటు పనిచేయదు, అది 11వ తరానికే. సెకండ్‌హ్యాండ్ బోర్డులు కొనేవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది.

కరెంటు పోగానే యూపీఎస్ ఉన్నా పీసీ ఆఫ్ అవుతోంది

ఇంట్లో ఎక్కువమంది దగ్గరుండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లే. పైన లెక్కేసిన 340 వాట్ల పీసీకి సరిపోతుందనిపిస్తుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ 85 శాతం సామర్థ్యంతో పనిచేస్తే గోడ నుంచి లాగేది 400 వాట్లు, మానిటర్ అదనం. గేమ్ ఆడుతున్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. అలాంటి పీసీకి 600 వాట్లిచ్చే 1000 వీఏది కావాలి.

బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు కూడా ఆఫ్ అవుతుంటే బ్యాటరీ ముసలిదైపోయి ఉండవచ్చు, ముందు దాన్ని చూపించండి. బ్యాటరీ బాగుంటే కారణం వేరు. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే కరెంటు తరంగం మెట్లు మెట్లుగా ఉంటుంది, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిచేసే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని తట్టుకోక ఆగిపోతాయి. అప్పుడు గోడ కరెంటులా నున్నటి తరంగం ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ చూడాలి. వీలైతే మీ క్యాబినెట్‌నే షాపుకు పట్టుకెళ్లి, దానికి తగిలించి, గోడ స్విచ్ ఆఫ్ చేసి చూసి కొనండి.