లారీ ఆగే చోటే డబ్బా: హైవే డ్రైవర్లకు అందేలా జియోక్యాష్ పెట్టడం

జియోక్యాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ అంకెలతో వెతికి పట్టుకుని, లోపలి లాగ్‌షీట్ మీద పేరు, తేదీ రాసి, మళ్లీ అదే చోట పెట్టి రావడం. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాను ఆపేసింది. మర్నాడే ఆరెగాన్ రాష్ట్రంలో మొదటి డబ్బా పెట్టారు. అప్పటి నుంచి ఆట పెరిగింది గానీ, ఎక్కువ డబ్బాలు కార్లు, బైకుల మీద వచ్చేవాళ్లను మనసులో పెట్టుకుని దాచినవే. పన్నెండు టైర్ల బండితో అక్కడికి పోతే తిప్పుకునే జాగా ఉండదు, ఆపుకునే జాగా ఉండదు.

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ రోడ్ల మీద లారీ డ్రైవర్ల కోసం డబ్బా పెట్టాలనుకుంటే ముందు ఒకటి ఖాయం చేసుకోండి. డబ్బా కోసం లారీ ఆగకూడదు, లారీ ఎట్లాగూ ఆగే చోట డబ్బా ఉండాలి. చోటు, డబ్బా, జియోక్యాషింగ్ సైట్‌లో ఆ డబ్బాకు పెట్టే పేజీలో రాసే మాటలు అన్నీ దీన్నిబట్టే.

చోటు

పెద్ద పార్కింగ్ ఉన్న ఢాబా, లారీలు ఆగే లే బై (రోడ్డు పక్కన బండ్లు ఆపుకోవడానికి వదిలిన జాగా), వే బ్రిడ్జి బయట బండ్లు వరస కట్టే జాగా, పంక్చర్ షాపు పక్క గోడ, పెట్రోల్ బంకులో గాలి పట్టే మూల పనికొస్తాయి. బంకులో అయితే డీజిల్ పోసే పంపులకు దూరంగా ఉండాలి, అక్కడ ఫోన్ తీసి వెతకడం కుదరదు. పత్తి, మిర్చి సీజన్లో ఎనుమాముల మార్కెట్ చుట్టూ లారీలు గంటల తరబడి ఆగుతాయి. గోదావరిఖని, భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలదీ అదే కథ. యార్డు లోపల, గని ఆవరణలో మాత్రం పెట్టొద్దు, బయట ఆగే చోట యజమానిని అడిగి పెట్టండి.

చోటు నచ్చగానే రోడ్డు ఏ వైపో చూడండి. అందరూ మరిచేది ఇదే. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద నడుమ డివైడర్ ఉంటుంది. డబ్బా అవతలి వైపు ఉంటే డ్రైవరు డివైడర్ దాటి నడుస్తాడు, లేదా రాంగ్ రూట్లో బండి తీస్తాడు. రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. "హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే వైపు మాత్రమే" అని పేజీలో మొదటి లైనే రాయండి. రెండు వైపులా పెట్టాలనిపిస్తే రెండు వేరు డబ్బాలు పెట్టండి, కాకపోతే వాటి మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది జియోక్యాషింగ్ నియమం.

తారు అంచు దాటాక నేల ఏందో కూడా చూసుకోవాలి. వానాకాలంలో నల్లరేగడి మీద లోడు బండి టైరు దిగబడితే లాగడానికి క్రేన్ రావాలి. సిమెంటు గానీ గట్టి మొరం గానీ పరిచిన జాగా అయితేనే ఎంచుకోండి.

ట్రాఫిక్ బోర్డులు, క్రాష్ బారియర్లు, కరెంటు స్తంభాలు, రైల్వే జాగా, బడులు, గుళ్ల ఆవరణలు వద్దు. రామప్ప, వేయి స్తంభాల గుడి, వరంగల్ ఖిలా లాంటి రక్షిత కట్టడాల దగ్గర అసలే వద్దు. కల్వర్టు కింద, వంతెన కింద కూడా ఎన్నడూ పెట్టకండి. ములుగు, భూపాలపల్లి దిక్కు కల్వర్టు కింద స్టీలు టిఫిన్ డబ్బా కనబడితే జనం పోలీసులకే ఫోన్ చేస్తారు, వాళ్లు బాంబ్ స్క్వాడ్‌ను పిలుస్తారు. ఇక్కడి గతం తెలిసినవాళ్లెవరూ వాళ్లను తప్పు పట్టరు.

డబ్బా, దాని మీద రాత

లోపల ఏముందో బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. 300 నుంచి 500 మిల్లీలీటర్లు, నాలుగు దిక్కులా క్లిప్పులు, మూతలో రబ్బరు రింగు ఉండాలి. చిన్నది కావాలంటే ప్రీఫామ్ మేలు, అంటే కూల్‌డ్రింక్ బాటిల్ ఊదకముందు ఉండే మందపాటి గొట్టం. దాని మరమూత నీళ్లను బాగా ఆపుతుంది. పాత ఫిల్మ్ డబ్బీలు వానకు కారుతాయి.

లాగ్‌షీట్‌ను జిప్ కవర్‌లో పెట్టి, పక్కన పెన్సిల్ ముక్క వేయండి. మే నెల ఎండకు పెన్నులో ఇంకు ఎండిపోతుంది. సిలికా జెల్ పొట్లం ఒక వానాకాలానికే నీళ్లు పీల్చి పనికిరాకుండా పోతుంది, మార్చడం మరవొద్దు. డబ్బా నేల మీద ఉంటే చెదలు కాగితాన్ని వదలవు. తినే వస్తువులు, కత్తులు, మందు, అగ్గిపెట్టెలు లోపల పెట్టొద్దు.

లేబుల్ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఇట్లా రాయండి: "ఇది ఆట కోసం పెట్టిన డబ్బా. ప్రమాదం లేదు. డబ్బులు లేవు. చూసి ఇక్కడే పెట్టండి." కింద మీ ఫోన్ నంబరు, హిందీలో ఒక లైను. "డబ్బులు లేవు" అన్నది నవ్వులాటకు కాదు. "జియోక్యాష్" అని ఒక్కటే రాస్తే చూసినవాడు అందులో క్యాష్ ఉందనుకుని పగలగొడతాడు.

డబ్బా నేలకు 90 నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎనిమిది గంటలు సీట్లో కూచుని దిగిన మనిషి నడుం, మోకాళ్లు వంగవు, కాళ్లకు ఉన్నవి చెప్పులే. ముళ్ల పొదలు, రాళ్ల కుప్పలు పనికిరావు. రాళ్ల సందులో కట్లపాము, తేలు ఉండొచ్చు. వెతకడం ఎంత కష్టం, నడక ఎంత కష్టం అని పేజీలో 1 నుంచి 5 దాకా వేసే అంకెలు రెండూ 1.5 దాటకుండా చూడండి.

రాత్రి సంగతి ముందే ఆలోచించాలి. నిలబెట్టిన లారీల మధ్య రెండు గంటల వేళ టార్చి కొట్టుకుంటూ వంగి చూసేవాణ్ని అందరూ డీజిల్ దొంగే అనుకుంటారు, మాటకంటే ముందు దెబ్బ పడుతుంది. అందుకే లైటు వెలుగులో, ఏ బండి ట్యాంకుకూ దగ్గర కాని చోట పెట్టండి. ఢాబా యజమానికీ వాచ్‌మన్‌కూ డబ్బా చూపించి చెప్పండి. పేజీలో ఢాబాను పొగడొద్దు, లోపలికి పోయి తినాలని షరతు పెట్టొద్దు. వ్యాపార ప్రచారం ఉంటే, పేజీని ముందుగా పరిశీలించే రివ్యూయర్ ఆమోదించడు.

అంకెలు

కొత్త డ్రైవరు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. జియోక్యాషింగ్‌లో అంకెలు డిగ్రీలు, నిమిషాలుగా ఉంటాయి: ఉత్తరం 17° 58.500', తూర్పు 79° 35.250'. మ్యాప్‌లో చూపే దశాంశ డిగ్రీలు కావాలంటే నిమిషాలను 60తో భాగించాలి. 58.5ను 60తో భాగిస్తే 0.975, కాబట్టి 17.975. 35.25 అయితే 0.5875, కాబట్టి 79.5875. భాగించకుండా 17.585, 79.3525 అని కొడితే మ్యాప్ నైరుతి దిక్కున దాదాపు 50 కిలోమీటర్ల అవతల చూపిస్తుంది. లోడు బండికి అది ఒక పూట నష్టం. పేజీలో రెండు రకాల అంకెలూ ఇచ్చేయండి.

అంకెలు తీసుకునేటప్పుడు రేకుల షెడ్డు కింద, లారీ పక్కన నిలబడొద్దు, ఫోన్ చూపే చోటు ఎగురుతుంటుంది. వేర్వేరు వేళల్లో ఐదుసార్లు తీసి సగటు కట్టండి. నిమిషంలో వెయ్యో వంతు తేడా అంటే ఉత్తర దక్షిణాల్లో 1.85 మీటర్లు.

డబ్బా అంకెలతో పాటు పార్కింగ్ వేపాయింట్ తప్పకుండా చేర్చండి. అది లారీ లోపలికి మలిగే గేటు దగ్గరి అంకె. పేజీలో పెట్టే గుర్తుల్లో (అట్రిబ్యూట్లలో) ట్రక్కు గుర్తు పెట్టండి. రాత్రి నిజంగా వెతకగలిగితేనే 24 గంటల గుర్తు పెట్టండి. వివరం తెలుగులో నాలుగు చిన్న లైన్లు చాలు: ఏ వైపు, ఎక్కడ ఆపాలి, ఎన్ని అడుగులు నడవాలి, దేని వెనక ఉంది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలో సిగ్నల్ నమ్మడానికి లేదు, కాబట్టి పేజీ స్క్రీన్‌షాట్ ఒక్కటి తీసుకున్నా పని జరిగేట్టు రాయండి.

డ్రైవరుకు

బయల్దేరే ముందే రూట్లో ఒకటో రెండో డబ్బాలు ఎంచుకోండి. నడిచే బండిలో ఫోన్ పట్టుకుని వెతకొద్దు, క్లీనర్ చేతికీ ఇవ్వొద్దు, వాడు "ఆ పక్కకే" అనగానే మీ కన్ను అటు పోతుంది. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం, 1961 అమల్లో ఉన్నన్నాళ్లు (2025 దాకా) ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విరామం ఉండాలనేది. రోడ్డు మీద అది ఎంత అమలైందో అందరికీ తెలిసిందే, కనీసం ఆ అరగంటైనా వాడుకోండి. అందులో వెతుకులాటకు 15 నిమిషాలు. దొరక్కపోతే "దొరకలేదు" అని లాగ్ చేసి పడుకోండి.

ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వాలు ఉంటే టైరు కింద చెక్క దిమ్మ పెట్టి దిగండి. క్యాబిన్ తాళం వేయండి, బిల్టీ (సరుకు రసీదు), లైసెన్సు మీ దగ్గరే ఉంచుకోండి. బండికి ట్రాకర్ ఉంటే ఆగిన సంగతి ఓనరుకు కనబడుతుంది, ముందే ఒక మెసేజ్ పెడితే గొడవ ఉండదు. మామూలు సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు తరలించేటప్పుడు ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, ఆ లెక్క దాటే పక్కదారి పట్టొద్దు. చేయి పెట్టే ముందు టార్చి కొట్టి చూడండి, కర్రతో కదపండి. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033.

డబ్బాలో నంబరు చెక్కిన రేకు బిళ్ల తగిలించిన వస్తువు కనబడితే అది ట్రావెల్ బగ్. దాన్ని దాచుకోకూడదు, నంబరు యాప్‌లో కొట్టి, నాగ్‌పూర్‌లోనో విజయవాడలోనో ఇంకో డబ్బాలో వదలాలి. దూరం బండ్ల డ్రైవర్లకంటే బాగా దాన్ని తిప్పగలవాళ్లు లేరు.

డబ్బా పెట్టినవాళ్లు వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లి చూడాలి. వరసగా రెండు "దొరకలేదు"లు వస్తే ఆ వారమే వెళ్లాలి. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీది డబ్బాలను తాత్కాలికంగా డిసేబుల్ చేయండి, ఆ జనంలో ఎవరూ చూడకుండా తీసి పెట్టడం కుదరదు. ఢాబా మూతపడితే పేజీని ఆర్కైవ్ చేసి, అంటే శాశ్వతంగా మూసేసి, డబ్బాను ఇంటికి తెచ్చేసుకోండి.