నీటిమట్టం మారితే అదే ర్యాపిడ్‌లో దారీ మారుతుంది

రాఫ్ట్‌లో, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో, ర్యాపిడ్ (నది రాళ్ల మధ్య వేగంగా, అలలతో దూకే చోటు) దిగేటప్పుడు "పోయినసారి ఎడమ పక్క నుంచే సాఫీగా దిగాం కదా, ఈసారీ అటే పోదాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. నీళ్లు రెండడుగులు పెరిగినా తగ్గినా నిరుటి దారి పనికిరాకపోవచ్చు.

ముందు రాఫ్ట్ కట్టేసి ఒడ్డెక్కి నడవండి. చూడటం చివరి నుంచి మొదలుపెట్టాలి: ర్యాపిడ్ ఎక్కడ అయిపోతోంది, ఎవరన్నా పడితే ఎక్కడ తేలతారు, ఆ వెంటనే ఇంకో ర్యాపిడ్ ఉందా. తర్వాత పైకి వస్తూ దారి అనుకోండి. ఎత్తు నుంచి అలలు చిన్నగా కనిపించి మోసం చేస్తాయి, అందుకే వీలైతే నీళ్ల దాకా దిగి చూడండి.

మట్టం కొలిచే గేజ్ లేకపోతే రాళ్లే చెప్తాయి. నీటి అంచుకు పైన తడి చార ఉంటే మట్టం తగ్గుతున్నట్టు. నీళ్లు బురద రంగుకు తిరిగి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే పెరుగుతున్నట్టే. నేనైతే అంచున ఓ పుల్ల గుచ్చి అరగంట చూస్తాను. మంచు కరిగి పారే నదిలో పొద్దున్న చూసిన మట్టం సాయంత్రానికి ఉండదు, పైన డ్యామ్ ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కోకుండా దిగొద్దు.

ఇప్పుడు మధ్యలో ఉన్న ఒక్క బండనే తీసుకోండి. నీళ్లు తక్కువగా ఉంటే అది పైకి కనిపిస్తుంది, దాని దగ్గర నీళ్లు చీలి ఎగువకు మొన ఉన్న 'వి' గీస్తాయి. మొన దిగువకు ఉంటే మాత్రం అది రెండు రాళ్ల మధ్య దారి. మట్టం పెరిగి బండ కాస్త మునిగిందా, దాని మీంచి దూకిన నీళ్లు కింద వెనక్కి తిరిగి హోల్ (పడవను పట్టి ఉంచే సుడి) అవుతుంది. పైనుంచి వచ్చేవాళ్లకు నున్నటి ఉబ్బు తప్ప వెనకున్న గుంట కనపడదు, నాకు అన్నిటికంటే భయం ఇదే. ఇంకా పెరిగితే అక్కడే పెద్ద అల లేవచ్చు, లేదా హోల్ మరింత పెద్దదవ్వచ్చు, అది చూస్తేగానీ తెలియదు.

నీళ్లు తక్కువున్నప్పుడు తొందరపడకుండా ఎడ్డీ (రాయి వెనక నీళ్లు నెమ్మదించి ఎదురు తిరిగే చోటు) నుంచి ఎడ్డీకి ఆగుతూ దిగండి. రాఫ్ట్ రాయికి అడ్డంగా తగిలితే భయపడి వెనక్కి జరగొద్దు, అందరూ రాయి వైపే ఒరిగి బరువు వేయాలి, లేకపోతే ఎగువ అంచు మునిగి రాఫ్ట్ బండకు అతుక్కుపోతుంది. నీళ్లలో పడినవాళ్లు మోకాళ్లు దాటిన పారే నీళ్లలో నిలబడే ప్రయత్నం అస్సలు చేయకూడదు. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి తేలాలి.

నీళ్లు ఎక్కువైతే ఆలోచించే టైమే ఉండదు. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగు రెట్లవుతుంది, ఆగుదామనుకున్న ఎడ్డీలు చాలావరకు మాయమవుతాయి, కాబట్టి పక్కకు జరగాలంటే చాలా ముందు నుంచే తెడ్డు వేయాలి. ఒడ్డు చెట్లలోకి నీళ్లొచ్చాయంటే మరీ జాగ్రత్త, కొమ్మలు జల్లెడలా నీళ్లను వదిలేసి మనిషిని పట్టుకుంటాయి. తప్పించుకునే దారి లేకపోతే బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి గట్టిగా ఈది కొమ్మల మీదకు ఎక్కేయాలి.

దారి నమ్మకంగా కనిపించకపోతే పడవ మోసుకుని ఒడ్డునే నడవండి. దిగుదామనుకుంటే, పడ్డవాళ్లకు విసిరే తాడు సంచితో ఒకరు దిగువన నిలబడి చెయ్యెత్తే దాకా మొదటి రాఫ్ట్ కదలకూడదు.