రక్తం తక్కువైన ఆడవారు, మొలలున్న మగవారు: పెద్దపేగు క్యాన్సర్‌ను ఎలా పట్టుకోవాలి

పెద్దపేగు క్యాన్సర్ మగవారికే కాస్త ఎక్కువ, అదీ ఆడవారి కంటే కొన్నేళ్ల ముందే వస్తుంది. కానీ పరీక్షల విషయంలో అంతకంటే ముఖ్యమైనది గడ్డ ఎక్కడ పెరుగుతుందన్నది. మగవారిలో ఎడమవైపు పేగులో, మలాశయంలో ఎక్కువ. ఆడవారిలో, ముఖ్యంగా వయసు పైబడినవారిలో, కుడివైపు గడ్డల వాటా ఎక్కువ. కుడివైపు పేగు వెడల్పుగా ఉంటుంది, అక్కడ మలం ఇంకా పలచనే. అందుకే గడ్డ పెద్దదైనా తొందరగా అడ్డుపడదు; కారే రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనబడదు. బయటపడేది నీరసం, ఆయాసం, తగ్గిన హిమోగ్లోబిన్. ఎడమవైపు అయితే ఎర్రటి రక్తం, సన్నబడిన మలం, ఓసారి మలబద్ధకం, ఓసారి విరేచనాలు, వెళ్లొచ్చినా ఇంకా మిగిలిందనిపించడం.

ఆడవారికి హిమోగ్లోబిన్ 12 కంటే, మగవారికి 13 కంటే తగ్గితే రక్తహీనత. సీబీపీతో ఆగకుండా, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయించండి. రక్తహీనత ఉండి ఫెర్రిటిన్ 45 లోపు ఉంటే ఐరన్ లోపమనే అనుకోవాలి. ఒంట్లో వాపో ఇన్‌ఫెక్షనో ఉంటే ఈ అంకె పెరిగి కనిపిస్తుంది. మగవారికి, ముట్లు ఆగిన ఆడవారికి ఐరన్ లోపం ఉందంటే రక్తం ఎక్కడ పోతోందో వెతకాల్సిందే. మామూలుగా ఎండోస్కోపీ (నోటి నుంచి గొట్టం పంపి కడుపు చూడటం), కొలనోస్కోపీ (మలద్వారం నుంచి గొట్టం పంపి పెద్దపేగు చూడటం) రెండూ చేస్తారు. నెలసరి వచ్చేవారిలో అధిక రక్తస్రావం కారణం కావచ్చు. కానీ నెల రోజులు ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగకపోయినా, మాత్రలు ఆపగానే మళ్లీ పడిపోయినా పేగును చూడాలి.

ఇక్కడ మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవారి శాతం దేశంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే చాలా ఎక్కువ. నలభై ఏళ్లకే ఆ ఆపరేషన్ అయినావిడకు ఐరన్ తగ్గుతోందంటే నెలసరి మీదకు నెట్టడానికి వీల్లేదు. అయినా నెట్టేస్తుంటారు.

మగవారి సంగతి వేరు. రక్తం కనబడగానే గోడల మీద ప్రకటన చూసి మొలల మందుకు వెళ్తారు. మొలలు నిజంగానే ఉండొచ్చు, వాటితోపాటు గడ్డా ఉండొచ్చు. వేలితో మలాశయం పరీక్షించకుండా మందిచ్చేవారిని నమ్మకండి. అది రెండు నిమిషాల పని. 45 దాటినవారికి రక్తం పడినా, ఏ వయసులోనైనా రక్తంతోపాటు బరువు తగ్గినా, మలవిసర్జన తీరు మారినా కొలనోస్కోపీ కావాలి.

మలంలో రక్తం చూసే ఫిట్ పరీక్షకు పథ్యం అక్కర్లేదు. నెలసరి సమయంలో మాత్రం నమూనా ఇవ్వకండి. ఆడవారిలో గడ్డ ఈ పరీక్షకు దొరక్కుండా తప్పిపోవడం కాస్త ఎక్కువ. కాబట్టి ఫిట్ నెగెటివ్ వచ్చినా రక్తహీనత తగ్గకపోతే అక్కడితో వదిలేయకూడదు.

కొలనోస్కోపీకి 5–7 రోజుల ముందే ఐరన్ మాత్రలు ఆపాలి, లేకపోతే నల్లటి మలం పేగు గోడలకు అంటుకుని సరిగ్గా కనబడదు. రక్తం పలచబడే మందులు, షుగర్ మందుల సంగతి డాక్టరే తేల్చాలి. రెండు మూడు రోజులు ఆకుకూరలు, జామ, టమాటా మానేసి తెల్లన్నం, ఇడ్లీ, పెరుగు తినండి. పేగు శుభ్రం చేసే పొడి ద్రావణం సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు 4–6 గంటల ముందు తాగి, కనీసం 2 గంటల ముందే ముగించండి. మొత్తం ముందురోజే తాగేస్తే కుడివైపు మళ్లీ మురికి చేరుతుంది, ఆడవారికి ఎక్కువ నష్టం అక్కడే. పాత మలబద్ధకం ఉంటే ముందే చెప్పండి, మోతాదు పెంచుతారు. చివరికి పసుపుపచ్చని తేట నీళ్లే పోవాలి.

ఆడవారి పేగు కాస్త పొడవు. గర్భసంచి ఆపరేషన్ తర్వాత అతుకులు కూడా ఉండొచ్చు. దాంతో గొట్టం కొసదాకా వెళ్లక మధ్యలో ఆగిపోవడం వారిలో ఎక్కువ. రిపోర్టులో ‘సీకమ్ (పెద్దపేగు మొదలయ్యే కుడివైపు కొస) వరకు చూశాం’ అని, దాని ఫొటోతో సహా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మళ్లీ కొలనోస్కోపీయో, పేగును స్కాన్‌లో చూసే సీటీ కొలనోగ్రఫీయో అడగండి. సిగ్మాయిడోస్కోపీ అనే పొట్టి గొట్టం పరీక్ష ఎడమవైపే చూస్తుంది.

కుటుంబ చరిత్ర చెప్పేటప్పుడు పిన్ని, మేనత్తల గర్భసంచి క్యాన్సర్ కూడా చెప్పాలి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బులో పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు రెండూ కలిసి నడుస్తాయి. ఆపరేషన్‌లో తీసిన గడ్డకు, ఈ జబ్బు అనుమానం ఉందో లేదో చెప్పే ఎమ్‌ఎమ్‌ఆర్ పరీక్ష చేయమనండి.

కీమోలో 5-ఎఫ్‌యూ (నరానికి ఎక్కించేది), కాపెసిటాబిన్ (మాత్రలు) అనే మందుల దుష్ప్రభావాలు ఆడవారిలో ఎక్కువ. ఈ మందులను ఒళ్లు సరిగ్గా అరాయించుకోగలదో లేదో చెప్పే డీపీవైడీ అనే జన్యు పరీక్ష గురించి మొదలుపెట్టకముందే అడగండి. రోజుకు మామూలు కంటే మరో నాలుగుసార్లు విరేచనాలైనా, నోరు పూసి తినలేకపోయినా మాత్రలు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి, 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఆసుపత్రికే వెళ్లాలి. మలాశయం ఆపరేషన్ మగవారిలో కష్టం, వారి కటి ఇరుకు; అంగస్తంభన నరాలు దెబ్బతినొచ్చు. ఆ ప్రాంతానికి రేడియేషన్ ఇస్తే ఆడవారికి ముట్లు ముందే ఆగిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారు వీర్యం భద్రపరచడం, అండాశయాలను రేడియేషన్‌కు అందకుండా పైకి జరిపించడం గురించి చికిత్స మొదలుకాకముందే మాట్లాడాలి.