హాస్పిస్ కోసం మైపాడు దాకా నడవాలంటే

నెల్లూరు నుంచి మైపాడు బీచికి సుమారు 25 కిలోమీటర్లు. హాస్పిస్‌కు, అంటే నయంకాని జబ్బున్నవాళ్లను చూసుకునే చోటుకు, విరాళాలు పోగుచేసే ఈ నడకను జనవరిలో పెట్టుకోండి. తెల్లవారుజామున నాలుగుకే బయలుదేరితే ఎండెక్కేలోపు చాలా దూరం గడిచిపోతుంది.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. మీరు నడిచే కిలోమీటరుకు పది రూపాయల చొప్పున ఇస్తామని ఒకరు ఒప్పుకుంటే వాళ్లు 250 ఇచ్చినట్టు. పేరు, మొత్తం నోట్‌బుక్‌లో రాయించుకోండి కానీ డబ్బు మీ ఫోన్‌పేలోకి వద్దు, నేరుగా హాస్పిస్ ఖాతాకే వేయించండి. పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు ఇస్తారేమో హాస్పిస్ వాళ్లను కనుక్కోండి, పెద్ద మొత్తాలిచ్చేవాళ్లు అడుగుతారు.

"హాస్పిస్ అంటే ఏందమ్మా?" అంటారు. నయంకాని జబ్బుతో ఉన్న మనిషిని నొప్పి లేకుండా చూసుకునే చోటని చెప్పండి. మా నాన్నకు ఆఖరి నెలల్లో నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రలతోనే నిద్రపట్టింది. అందుకే నేను ఎవర్నైనా మొహమాటం లేకుండా విరాళం అడుగుతాను.

కొత్త బూట్లు వద్దు. రోడ్డుకు కుడివైపున, ఎదురొచ్చే బండ్లు కనపడేలా, ఒకరి వెనక ఒకరు నడవండి. ఉప్పేసిన మజ్జిగతో ఒక ఆటోను వెంట రమ్మనండి.