సైకిల్‌కు హెల్మెట్: అవసరమో కాదో తేల్చుకోవడం, తగినదాన్ని ఎంచుకోవడం

మన దేశంలో సైకిల్ తొక్కేవారు హెల్మెట్ పెట్టుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ గురించి చెప్పే 129వ సెక్షన్ మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది; ఇంజను లేని సైకిల్ ఆ చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా నడిచే బ్యాటరీ సైకిళ్లదీ అదే పరిస్థితి. అందువల్ల ఈ నిర్ణయం పూర్తిగా తొక్కేవారి చేతుల్లోనే ఉంది. అలాంటప్పుడు దాన్ని అలవాటుకో, చూసినవాళ్లు నవ్వుతారేమో అన్న మొహమాటానికో వదిలేయకుండా, హెల్మెట్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుని తేల్చుకోవడం మంచిది. నా అభిప్రాయం ముందే చెబుతాను: జరిమానాలు వేసి పెద్దవాళ్ల చేత బలవంతంగా పెట్టించకూడదు, కానీ కొనుక్కోగలిగిన ప్రతి ఒక్కరూ తమంతట తాముగా పెట్టుకోవాలి.

హెల్మెట్ వద్దనుకునేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "నేనేం పందేలకు వెళ్తున్నానా, మెల్లగా పాలకేంద్రం దాకా వెళ్లి వస్తాను." వినడానికి సబబుగానే ఉంటుంది కానీ లెక్క చూస్తే నిలవదు. సైకిల్ మీద కూర్చున్న పెద్దమనిషి తల నేలకు ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడిన తల, సైకిల్ కదలకుండా నిలబడి ఉన్నా సరే, రోడ్డును తాకే క్షణానికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మెల్లగా తొక్కితే ప్రమాదాలు జరిగే అవకాశం తగ్గుతుంది, అది నిజమే. కానీ పడటమంటూ జరిగితే తల నేలకు ఎంత గట్టిగా తగులుతుందన్నది చాలావరకు ఎత్తును బట్టే ఉంటుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 1078 పరీక్షలో హెల్మెట్‌ను సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం (సీపీఎస్‌సీ) పరీక్షలో 2 మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మ మీద పడవేసి చూడటం వెనక ఉన్న ఆలోచన ఇదే. స్పీడ్ బ్రేకర్ పక్కన పేరుకున్న ఇసుక, వాన నీళ్లు నిండి లోతు తెలియని గుంత, ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకోవడం, పిక్క పట్టుకోబోయే కుక్క, కోతల రోజుల్లో ఊరి రోడ్డు మీద ఆరబోసిన వడ్లు: మన దగ్గర సైకిల్ మీద నుంచి పడటానికి ఇవి చాలు, వీటిలో దేనికీ వేగం అక్కర్లేదు.

హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ జాతికే చెందిన, అంతకంటే గట్టిగా ఒత్తి తయారు చేసిన నురుగు. ఉత్త తల తారు రోడ్డుకు తగిలినప్పుడు రెప్పపాటు కంటే ఎంతో తక్కువ సమయంలో ఆగిపోతుంది. ఆ కుదుపంతా పుర్రె మీద, దాని లోపలి మెదడు మీద పడుతుంది. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల నురుగు ఉంటే, అది నలుగుతూ పోయినంతసేపు తల ఆగడానికి మరికాస్త వ్యవధి దొరుకుతుంది, దెబ్బ ఒక్కచోటే కాకుండా ఎక్కువ మేర పరుచుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను, వాటిలోని 64 వేలకు పైగా గాయపడిన సైకిలిస్టుల వివరాలను కలిపి 2016లో ప్రచురించిన సమీక్షలో, హెల్మెట్ ఉన్నవారికి తలకు గాయమయ్యే అవకాశం సుమారు సగానికి తగ్గిందని, తీవ్రమైన గాయాల విషయంలో ఆ తగ్గుదల మూడింట రెండు వంతుల దాకా ఉందని తేలింది. ముఖానికి మాత్రం మూడో వంతు రక్షణే లభించింది, ఎందుకంటే మామూలు సైకిల్ హెల్మెట్ దవడనూ గడ్డాన్నీ కప్పదు.

అవతలి వాదననూ పట్టించుకోవాలి. నెదర్లాండ్స్‌లో నిత్యం సైకిల్ మీద పనికి వెళ్లేవారిలో హెల్మెట్ పెట్టుకునేవారు చాలా తక్కువ, అయినా అక్కడ సైకిల్ తొక్కడం ఎంతో సురక్షితం. కారణం వారి తలలు గట్టివి కావడం కాదు. సైకిళ్లకు ప్రత్యేకమైన దారులు, నివాస ప్రాంతాల్లో తగ్గించిన వాహన వేగాలు, రోజూ తామూ సైకిల్ తొక్కే కారు డ్రైవర్లు. ఇటు ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990లో ప్రపంచంలోనే మొదటిసారిగా సైకిల్ హెల్మెట్‌ను తప్పనిసరి చేస్తే, ఆ నియమం వల్ల కొందరు సైకిల్ తొక్కడమే మానేశారన్న విమర్శ ఈనాటికీ ఉంది. తెల్లవారకముందే పేపర్లు వేసే కుర్రాడినీ, కూలి పనికి వెళ్లే మనిషినీ ఆపి చలానా రాసే చట్టం మన దగ్గర రాకూడదని నేను అనుకోవడం అందుకే. అయితే నెదర్లాండ్స్ వారి దారులు మనకు లేనంత కాలం వారి అలవాటును అరువు తెచ్చుకోవడం మనకు కుదరదు.

ఇక మన నిర్ణయానికి వస్తే, ఏ దారిన, ఏ వేళలో, ఏ సైకిల్ మీద వెళ్తున్నామన్నది చూసుకోవాలి. లారీలు, బస్సులు తిరిగే రోడ్డు, చీకటి, వాన, గుంపుగా వేగంగా తొక్కడం, దిగుడు దారి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హెల్మెట్ లేకుండా బయలుదేరకూడదని నేను గట్టిగా చెబుతాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి చోట మోటారు వాహనాల భయం ఉండదు, పైన సోలార్ పలకల నీడ కూడా ఉంటుంది. కానీ అక్కడ ఎదురయ్యే అపాయం మరో రకం, అంటే నేర్చుకుంటున్న పిల్లలు అడ్డం రావడం, పక్కవారి చక్రానికి మన చక్రం తగలడం. 200 కిలోమీటర్లు, ఆ పైన తొక్కే బ్రెవే ప్రయాణాల్లో పాల్గొనేవారికి మన దేశంలో హెల్మెట్ తప్పనిసరి నియమం కాబట్టి అక్కడ ఎంపిక ప్రసక్తే లేదు. వృత్తి సైకిలిస్టుల పోటీల్లోనూ 2003లో కజకిస్తాన్‌కు చెందిన ఆండ్రీ కివిలెవ్ పారిస్–నీస్ పోటీలో పడి తలకు దెబ్బ తగిలి మరణించాకే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది.

వెనక నుంచి వేగంగా వచ్చిన లారీ గుద్దితే ఏ సైకిల్ హెల్మెట్టూ కాపాడలేదు. రాత్రిపూట జాతీయ రహదారి అంచున ఇంటికి చేరే మనిషి చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే, ముందు బ్రేకులు బాగు చేయించుకుని, వెనక ఎర్ర లైటు బిగించుకోమంటాను; హెల్మెట్ మరుసటి నెల కొనుక్కోవచ్చు. ప్రమాదం జరగకుండా ఆపేవి ముందు, జరిగాక తగ్గించేవి తర్వాత.

కొనేటప్పుడు చూడవలసినవి

దుకాణానికి వెళ్లేముందు ఇంట్లోనే తల చుట్టుకొలత తీసుకోండి. దర్జీలు వాడే టేపును కనుబొమ్మలకు ఒక అంగుళం పైన, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి సెంటీమీటర్లలో చూసుకుంటే చాలు. ప్రతి హెల్మెట్ లోపలా 54–58 అనో 58–62 అనో కొలత రాసి ఉంటుంది. మీ కొలత రెండింటి మధ్య పడితే రెండూ పెట్టుకుని చూడాలి. తల ఆకారాలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికినా, మొదటి హెల్మెట్‌ను స్వయంగా పెట్టుకుని చూసి కొనమనే నా సలహా.

లోపల అతికించిన చీటీ మీద ఈఎన్ 1078 గానీ సీపీఎస్‌సీ గానీ ఉందో లేదో చూడండి. మనకు బాగా అలవాటైన ఐఎస్ఐ గుర్తు పైన ఉండే ఐఎస్ 4151 అనే అంకె మోటారు సైకిల్ హెల్మెట్లకు సంబంధించినది. బయట నిగనిగలాడే ప్లాస్టిక్ డిప్ప, లోపల వేలితో నొక్కితే అణిగిపోయే స్పాంజి మాత్రమే ఉన్న వస్తువును, అది ఎంత చవకగా దొరికినా, హెల్మెట్ అనుకుని కొనకండి. దెబ్బను తీసుకునే గట్టి నురుగు అందులో లేదు. ప్రమాణానికి తగిన సాదా హెల్మెట్ వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరుకుతుంది. ధర పెరిగే కొద్దీ వచ్చేది ఎక్కువగా తేలికదనం, గాలి వచ్చే రంధ్రాలు. తల పక్కకు జారుతూ తగిలినప్పుడు మెదడు మెలితిరగకుండా ఉండేందుకు లోపల కదిలే పలుచని పొర ఉండే ఎంఐపీఎస్ రకం మంచిదే, స్తోమత ఉంటే తీసుకోవచ్చు. కానీ సరిగా నప్పని ఖరీదైన హెల్మెట్ కంటే బాగా నప్పిన సాదాదే మేలు.

ఇంట్లో ఉన్న స్కూటర్ హెల్మెట్టే పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. రక్షణ విషయంలో అది తక్కువేమీ కాదు, చలికాలం రాత్రి కొద్ది దూరానికి ఉత్త తల కంటే నిశ్చయంగా మెరుగు. కానీ సైకిల్ హెల్మెట్ బరువు పావు కిలో, మూడు వందల గ్రాములుంటే అది దాదాపు కిలో ఉంటుంది, చెవులు మూసేస్తుంది. తొక్కుతూ ఒళ్లు వేడెక్కిన మనిషి మన ఎండల్లో దాన్ని పది నిమిషాలు కూడా భరించలేడు. సైకిల్ హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు.

పెట్టుకునే తీరు

ఉదయాన్నే నెక్లెస్ రోడ్డు మీదో విశాఖ బీచ్ రోడ్డు మీదో ఒక్కసారి గమనించండి: హెల్మెట్ ఉన్నవారిలోనూ చాలామందికి అది వెనక్కి వాలి, నుదురంతా బయటపడి, గడ్డం కింద పట్టీ వేలాడుతూ ఉంటుంది. అలా ఉన్న హెల్మెట్ పడేటప్పుడు ముందుగా తానే ఊడిపోతుంది. నెత్తిన సమతలంగా కూర్చోవాలి. ముందు అంచుకూ కనుబొమ్మలకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ మాత్రమే ఉండాలి. మొదట గడ్డం పట్టీని బిగించకుండానే, వెనక ఉన్న చక్రాన్ని తిప్పి బిగించి తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్‌తోపాటు నుదుటి చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారకూడదు. తర్వాత రెండు పక్కలా పట్టీలు చెవి తమ్మె కిందనే కలిసేలా సర్దుకుని, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచి క్లిప్పు పెట్టాలి. నోరు పెద్దగా తెరిచినప్పుడు హెల్మెట్ నెత్తిని కిందికి లాగినట్టు అనిపిస్తే బిగింపు సరిపోయిందని అర్థం. చివరగా అరచేతిని ముందు అంచు కింద పెట్టి పైకి తోసి చూడండి. వెనక్కి లేచిపోతే చెవికి ముందు వైపున్న పట్టీ ఇంకాస్త బిగించాలి.

జడ వేసుకునే ఆడవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంటుంది. జడ మొదలు ఎత్తుగా ఉంటే వెనక బిగింపు చక్రం దాని మీదకెక్కి హెల్మెట్ ముందుకు వంగిపోతుంది. కొప్పు అయితే అసలు కూర్చోనే కూర్చోదు. మెడ దగ్గర, కిందుగా వేసిన జడ చక్రం కింద నుంచి సులువుగా దిగుతుంది, కాబట్టి తొక్కేరోజు అలా వేసుకోవడం, క్లిప్పులూ పిన్నులూ నెత్తిన లేకుండా చూసుకోవడం మంచిది. పూలు హెల్మెట్ తీశాక పెట్టుకోవచ్చు. చున్నీ చుట్టుకునేవారు పలుచని గుడ్డను ఒక్క పొరగా, ముడి లేకుండా చుట్టుకుని దాని మీద హెల్మెట్ కొలత సరిచూసుకోవాలి.

చెమట, నూనె మన దగ్గర పెద్ద సమస్యలే. నెత్తికి కొబ్బరినూనె రాసుకునే అలవాటున్న ఇంట్లో లోపలి మెత్తలు నెల తిరక్కుండానే కంపు కొడతాయి, ఆ కంపుకే చాలా హెల్మెట్లు మేకుకు తగులుకుని ఉండిపోతాయి. మెత్తలు ఊడివస్తాయి, తేలికపాటి సబ్బు నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టుకోవచ్చు, లేదా కింద ఒక పలుచని నూలు గుడ్డ కట్టుకోవచ్చు. డిప్పను తుడవడానికి పెట్రోలు, థిన్నరు వాడకూడదు, రంగులు వేయకూడదు. మే నెలలో ఎండకు నిలిపిన కారులో హెల్మెట్ వదిలేస్తే ఆ వేడికి నురుగు పాడవవచ్చు. దెబ్బ తగలకపోయినా అయిదు నుంచి పదేళ్లకు మార్చుకోవాలి.

పిల్లల విషయంలో మాత్రం ఎంపిక వారికి వదలకూడదు; అది పెద్దల బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు వాటితోపాటు హెల్మెట్టూ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదని నాకు అనిపిస్తూనే ఉంటుంది. పెరుగుతాడు కదా అని రెండు సైజులు పెద్దది కొంటే ఉపయోగం లేదు, ఇవాళ సరిపోయేదే కొనాలి. సైకిల్ దిగి చెట్టెక్కబోతున్నా, జారుడుబల్ల ఎక్కబోతున్నా హెల్మెట్ తప్పనిసరిగా తీయించండి, ఎందుకంటే కొమ్మల మధ్యో కమ్మీల మధ్యో అది ఇరుక్కుంటే గడ్డం పట్టీ గొంతుకు బిగుసుకుంటుంది.

పడి తల తగిలిన హెల్మెట్‌ను, బయటికి గీతయినా కనిపించకపోయినా, మళ్లీ వాడకూడదు. నురుగు ఒక్కసారే నలుగుతుంది, నలిగిన చోట రెండోసారి దెబ్బను తీసుకోలేదు. వాడిన వస్తువును తమ్ముడికో పనిమనిషి పిల్లలకో ఇవ్వడం మన ఇళ్లలో మంచి అలవాటే, కానీ ఈ వస్తువును పట్టీలు కత్తిరించి పారేయాలి. పారేసేముందు దాన్ని వైద్యుడికి చూపించడం మేలు. ఎక్కడ నొక్కుకుపోయిందో, ఎక్కడ పగిలిందో చూస్తే దెబ్బ ఏ వైపు ఎంత బలంగా తగిలిందో ఆయనకు తెలుస్తుంది. పడినవారు లేచి మామూలుగా మాట్లాడుతున్నా ఆ రోజంతా ఒంటరిగా ఉండకూడదు. వాంతులు, తగ్గని తలనొప్పి, మగతగా ఉండటం, అడిగిందే మళ్లీ అడగడం, చెవిలో నుంచో ముక్కులో నుంచో నీరుగానీ రక్తంగానీ కారడం లాంటివి ఏవి కనిపించినా పొద్దున చూద్దామని ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.